టూ వీలా, ఫోర్ వీలా? ఊళ్ళో ట్రాక్టర్‌కి డబ్బు పంపే ముందు

ఈ వారం ఎపిసోడ్ వినే తీరిక దొరకనివాళ్ళ కోసం, విన్నాక ఇంకోసారి నెమ్మదిగా చూసుకుందాం అనుకునేవాళ్ళ కోసం ఈ వ్యాసం. పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ విడిగా ఉంది. ఇక్కడ మాత్రం సంగతిని ఒక వరుసలో పెట్టి చెబుతాను.

మన శ్రోతల్లో ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళు చాలామందే. వాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఫోన్ వస్తుంది. "అన్నా, పాత బండి ఇగ పనికిరాదు, కొత్తది చూస్తున్నం. టూ వీల్ తీసుకోవాల్నా, ఫోర్ వీల్ తీసుకోవాల్నా? ఫోర్ వీల్‌కి లక్షన్నర ఎక్కువైతది." మనం అప్పుడు ఒక మీటింగ్‌కీ ఇంకో మీటింగ్‌కీ మధ్యలో ఉంటాం. "ఎక్కువైతే ఏమాయె, మంచిదే తీస్కో, నేను పంపుతా" అని పెట్టేస్తాం. అమెరికాలో ఉన్నవాళ్ళకి అది చిన్న మాటలాగే అనిపించొచ్చు. దుబాయ్‌లోనో కువైట్‌లోనో కష్టపడేవాళ్ళకి ఆ లక్షన్నర కొన్ని నెలల పొదుపు. పైగా ఇది డబ్బుతో అయిపోయే విషయం కాదు. ఆ బండి మీద కూర్చునేది మన తమ్ముడో, బాబాయో, మన ఇంట్లో పనిచేసే డ్రైవరో. దాని మంచిచెడ్డలు భరించేది వాళ్ళు.

మాది నల్గొండ జిల్లా, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. కాలువ కింద తరి, పైన చెలక. కోస్తా వాళ్ళు మాగాణి, మెట్ట అంటారు కదా, అదే. మా ఇంట్లో రెండు రకాల బండ్లూ పనిచేశాయి. ఇప్పుడు నేనుండేది ఉత్తర టెక్సాస్‌లో. కాబట్టి అక్కడి సంగతి, ఇక్కడి సంగతి రెండూ కలిపి చెబుతాను. ముందే ఒక్క మాట: ఫోర్ వీల్ డ్రైవ్ బండికి బలం ఇవ్వదు. ఉన్న బలం నేల దగ్గర వృథా కాకుండా చూస్తుంది. అంటే, అసలు వృథా ఎక్కడ అవుతోందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

ముందు పేరు దగ్గర తికమక

ఇండియాలో డీలర్ "ఫోర్ వీల్ డ్రైవ్" అంటే, వెనక పెద్ద చక్రాలు, ముందు కొంచెం చిన్నవి, నాలుగూ తిరిగే బండి అని. ముందు చక్రాలకి కూడా లోతైన గోళ్ళు ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. టూ వీల్ బండికి ముందు టైర్లు సన్నగా, పొడుగు గీతలతో ఉంటాయి. వాటి పని దారి చూపించడమే. తోసేది వెనక చక్రాలు.

అమెరికాలో పెద్ద వ్యవసాయం చేసేవాళ్ళ దగ్గర మాత్రం "ఫోర్ వీల్ డ్రైవ్" అంటే వేరే. నాలుగూ ఒకే సైజు చక్రాలతో, నడుము దగ్గర వంగి మలుపు తిరిగే భారీ యంత్రం. మనవాళ్ళు ఫోర్ వీల్ అనేదాన్ని వాళ్ళు ఫ్రంట్ వీల్ అసిస్ట్ అనో, మెకానికల్ ఫ్రంట్ వీల్ డ్రైవ్ అనో అంటారు. ఇంటర్నెట్‌లో అమెరికా లెక్కలు చూసి ఊరికి సలహా చెప్పేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. కింద నేను ఫోర్ వీల్ అన్నప్పుడల్లా మన ఊరి అర్థంలోనే.

బలం ఎక్కడ పోతుంది?

ఇంజన్ 50 హెచ్‌పీ కావొచ్చు, 60 కావొచ్చు. నేలని పట్టుకునేది టైరే. టైరు పట్టు రెండింటి మీద ఆధారపడుతుంది: ఆ టైరు మీద ఎంత బరువు ఉంది, కింద నేల ఎలా ఉంది.

టూ వీల్ బండి బరువులో సుమారు మూడోవంతుకి కొంచెం పైన ముందు ఇరుసు మీద ఉంటుంది. ఆ బరువు లాగడానికి ఏమీ ఉపయోగపడదు, ముందు చక్రాలు తోయవు కాబట్టి. ఫోర్ వీల్‌లో ముందు భాగం ఇంకొంచెం బరువు, 40 శాతం దాకా ఉంటుంది. అక్కడి టైర్లు కూడా తోస్తాయి కాబట్టి బండి మొత్తం బరువూ లాగే పనికి వస్తుంది. తేడా అంతా ఇదే. కొత్తగా పుట్టే శక్తి ఏమీ లేదు.

మరి ఎంత తేడా? అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం వాడే లెక్క ఒకటి ఉంది. పీటీవో దగ్గర దొరికే శక్తిలో ఎంత భాగం లాగే కొక్కెం దాకా చేరుతుంది అనేది ఆ లెక్క. కాంక్రీటు మీద రెండు బండ్లకీ 87 శాతమే, తేడా లేదు. గట్టి నేల మీద టూ వీల్‌కి 72, ఫోర్ వీల్‌కి 77. దున్నిన నేలలో 67, 73. మెత్తటి నేలలో 55, 65.

దీన్ని మన బండికి వేసి చూద్దాం. పీటీవో దగ్గర 45 హెచ్‌పీ ఉందనుకోండి. గట్టి నేలలో టూ వీల్ 32 దాకా లాగుతుంది, ఫోర్ వీల్ 34, 35. ఆ తేడా డ్రైవర్‌కి తెలియను కూడా తెలియదు. మెత్తటి నేలలో టూ వీల్‌కి 25 దగ్గర ఆగిపోతే, ఫోర్ వీల్‌కి 29 దాకా వస్తుంది. ఇది తెలుస్తుంది. దమ్ము బురద ఈ పట్టికలో లేదు, కానీ నేల ఎంత మెత్తనైతే తేడా అంత పెరుగుతుందన్న సూత్రం అక్కడికీ వర్తిస్తుంది.

మీ బండి ఎంత జారుతోందో మీరే కొలవొచ్చు

దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. వెనక టైరు మీద సున్నంతో ఒక గీత పెట్టండి. పనిముట్టు పైకి లేపి, పొలంలోనే, టైరు 10 చుట్లు తిరిగేదాకా నడిపి ఆ దూరం కొలవండి. తర్వాత పనిముట్టు దించి, అదే గేరులో మళ్ళీ 10 చుట్లు. మొదటిసారి 40 మీటర్లు, రెండోసారి 34 మీటర్లు వచ్చిందనుకోండి. 6 మీటర్లు తగ్గింది, అంటే 15 శాతం జారుతోంది.

టూ వీల్‌కి 10 నుంచి 15 శాతం జారడం మామూలే. ఫోర్ వీల్‌కి 8 నుంచి 12. 20 దాటితే డీజిలు, టైరు రెండూ నేల పాలే. మరీ 5 కంటే తక్కువ ఉంటే బండి అవసరం కంటే బరువెక్కువ మోస్తోందని అర్థం. కొత్త బండి కొనే ముందు పాత బండితో, మీ పొలంలో, మీరు ఎక్కువగా చేసే పనిలో ఈ కొలత ఒక్కసారి తీయించండి. 12 శాతం వచ్చిందా, మీకు ఫోర్ వీల్ అవసరం ఉందని చెప్పడం కష్టం. 25 వచ్చిందా, ఇక మాట్లాడుకోవాల్సిందే.

ఏ పనికి ఏ బండి?

ఇక్కడ చాలామంది అనుకునేదానికీ, పొలంలో జరిగేదానికీ తేడా ఉంది. ఒక్కో పనీ చూద్దాం.

కల్టివేటర్, నాగళ్ళు: ఇవి పూర్తిగా లాగుడు పనులు. వేసవిలో చెలక దున్నాలన్నా, నల్లరేగడిలో పల్టీ నాగలితో లోతు దుక్కి చేయాలన్నా పట్టు కావాలి. ఎర్ర చెలకలో తొమ్మిది పళ్ళ కల్టివేటర్ మాత్రమే తిప్పేవాళ్ళకి 45, 50 హెచ్‌పీ టూ వీల్ చక్కగా సరిపోతుంది. రేగడిలో లోతు దుక్కి రోజూ చేసేవాళ్ళకి ఫోర్ వీల్ తేడా చూపిస్తుంది.

రోటవేటర్: దీన్ని తిప్పేది పీటీవో. కత్తులు తిరిగే దిశ బండి నడిచే దిశే కాబట్టి, అవి నేలని తన్నుతూ బండిని ముందుకి తోస్తాయి. అంటే పొడి నేలలో రోటవేటర్‌కి లాగుడు పెద్దగా అక్కర్లేదు, కావాల్సింది పీటీవో దగ్గర హెచ్‌పీ. "రోటవేటర్ కోసం ఫోర్ వీల్" అనే మాట పొడి దుక్కి వరకూ నిలబడదు.

దమ్ము: ఇక్కడ కథ మారుతుంది. కాలువ నీళ్ళు వదిలాక ఆయకట్టు అంతా ఒకేసారి దున్నుకోవాలి. ఆ రెండు మూడు వారాల్లో బండి ఒక మడిలో దిగబడి పూట పోతే, ఆ పూట కిరాయి పోయినట్టే, పక్కవాడి నాట్లు వెనక్కి జరిగినట్టే. బురదలో ఫోర్ వీల్ చేసే మేలు ఎక్కువగా రెండుచోట్ల: మలుపు దగ్గర, గట్టు ఎక్కేటప్పుడు. టూ వీల్‌లో స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు బురదను నెట్టుకుంటూ నేరుగానే పోతాయి. ఫోర్ వీల్‌లో అవి తిప్పిన వైపుకి బండిని లాగుతాయి.

ట్రాలీ: తారు రోడ్డు మీద వడ్లో, ఇటుకో, ఇసుకో తోలడానికి టూ వీల్ చాలు. కాంక్రీటు మీద లెక్క చూశారు కదా, తేడా సున్నా. కానీ వర్షం పడ్డ పొలంలోంచి నిండు ట్రాలీ రోడ్డెక్కించాల్సిన ఊళ్ళుంటాయి. కోతల్లో వాన తప్పని ప్రాంతమైతే, ఆ వంద గజాలే నిర్ణయం తేలుస్తాయి.

ముందు లోడర్, డోజర్: ఇది ఉంటే ఫోర్ వీలే తీసుకోండి. ఎందుకో టెక్సాస్ దగ్గర చెబుతాను.

బురదలో బరువు మిత్రుడు కాదు

పొడి నేలలో బరువు పట్టునిస్తుంది. బురదలో అదే బరువు ముంచుతుంది. ఏళ్ళ తరబడి దమ్ము చేసిన మడిలో, జానెడు లోతున ఒక గట్టి పొర తయారై ఉంటుంది. ఆ పొర నీటిని ఆపుతుంది, బండినీ మోస్తుంది. ఆ పొర ఉన్నంతకాలం పైన బురద ఎంతున్నా బండి దాని మీద నడుస్తుంది. మరీ బరువైన బండ్లు అదే చోట తిరిగి, దిగబడి, గింజుకుని ఆ పొరను పగలగొడితే, ఆ చోటు ఏటా దిగుతుంది. ప్రతి ఊళ్ళోనూ "ఆ మూల మడిలోకి బండి పోనియ్యకు" అనే మాట వినపడుతుంది కదా, చాలాసార్లు కారణం ఇదే.

ఫోర్ వీల్ బండి, ముందు ఇరుసు వల్ల, అదే హెచ్‌పీ టూ వీల్ కంటే సుమారు వంద నుంచి మూడు వందల కిలోలు ఎక్కువ బరువుంటుంది. కాబట్టి తరి పొలానికి "పెద్ద ఫోర్ వీల్" కంటే "తేలికైన ఫోర్ వీల్" మంచి ఎంపిక. అడగాల్సిన ప్రశ్న ఎంత హెచ్‌పీ అని కాదు. ఆ హెచ్‌పీకి బండి ఎంత బరువు, టైరు ఎంత వెడల్పు అని.

లక్షన్నర ఎప్పటికి తిరిగొస్తుంది?

45, 50 హెచ్‌పీ బండ్లలో ఫోర్ వీల్‌కి మోడల్‌ని బట్టి లక్ష నుంచి రెండు లక్షల దాకా ఎక్కువ పడుతుంది. లెక్క కోసం లక్షన్నర అనుకుందాం. గంటకి 5 లీటర్ల డీజిలు, లీటరు 95 రూపాయలు, మెత్తటి నేలలో ఫోర్ వీల్ వల్ల డీజిలు 10 శాతం మిగులుతుందనీ అనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. మీ అంకెలు మీరు వేసుకోండి.

ఒక ఇంట్లో బండి ఏడాదికి 500 గంటలు తిరుగుతుంది. అందులో మెత్తటి నేలలో లాగుడు పని 250 గంటలు. గంటకి అర లీటరు చొప్పున 125 లీటర్లు మిగిలాయి. సుమారు 12 వేల రూపాయలు. లక్షన్నర రావడానికి 12 ఏళ్ళు పైనే. మధ్యలో ముందు టైర్లు మార్చాలి, అవి టూ వీల్ ముందు టైర్ల కంటే బాగా ఖరీదు. ముందు ఇరుసు ఆయిల్, సీళ్ళ ఖర్చు అదనం. డీజిలు లెక్కలో ఇది గిట్టదు.

ఇంకో ఇంట్లో కిరాయికి తిప్పుతారు. ఏడాదికి 1000 గంటలు, అందులో తరి పని 700. 350 లీటర్లు, సుమారు 33 వేలు. నాలుగున్నర ఏళ్ళకి వచ్చేస్తుంది. దిగబడకుండా రోజుకి ఇంకో రెండు ఎకరాలు ఎక్కువ చేస్తే, ఇంకా ముందే.

అంటే ఒకే ఊళ్ళో, ఒకే ధరకి, ఇద్దరికి రెండు వేరు జవాబులు. "పక్కింటివాళ్ళు ఫోర్ వీల్ తెచ్చారు" అనేది కారణం కాదు. వాళ్ళ గంటలు వేరు, మన గంటలు వేరు.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. "ఆ మిగిలినదానికి ఇంకొంచెం కలిపితే ఫోర్ వీలే వస్తుంది కదా సార్" అని షోరూంలో అంటారు. మిగిలిన డబ్బు మిగిలిందే. దాంతో ఏం చేయాలన్నది వేరే లెక్క. పొలం తక్కువుండి కిరాయికి తిప్పే ఉద్దేశం లేనివాళ్ళు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి: అసలు బండి కొనకుండా కిరాయికి దున్నించుకుంటే ఏడాదికి ఎంత అవుతుంది అని. ఆ అంకె చూసి ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు నష్టపోలేదు.

ఫోర్ వీల్ కంటే ముందు చూడాల్సినవి

టూ వీల్ బండితోనే పట్టు పెంచుకునే మార్గాలున్నాయి, అన్నీ చవకైనవే.

డిఫరెన్షియల్ లాక్: ఒక వెనక చక్రం గిర్రున తిరుగుతూ రెండోది కదలకుండా ఉన్నప్పుడు, ఈ పెడల్ తొక్కితే రెండూ కలిసి తిరుగుతాయి. బండిలో ఉండీ వాడని డ్రైవర్లు ఎంతోమంది. తొక్కాల్సింది చక్రం జారడం మొదలవగానే, వేగం తగ్గించి. మలుపులో మాత్రం తొక్కకూడదు, రోడ్డు మీద అసలే కూడదు.

టైర్లలో నీళ్ళు: వెనక ట్యూబుల్లో ముప్పావు వంతు దాకా నీళ్ళు నింపితే వందల కిలోల బరువు దాదాపు ఉచితంగా వస్తుంది. చెలక దుక్కికి ఇది మంచి మందు. దమ్ముకి వెళ్ళేముందు మాత్రం తీసేయాలి, పైన చెప్పిన కారణానికే.

కేజ్ వీల్స్: దమ్ములో ఇనుప చక్రాలు తగిలిస్తే టూ వీల్ కూడా చాలా మళ్ళలో గట్టెక్కుతుంది. కోస్తాలోనూ, తెలంగాణలోనూ దశాబ్దాలుగా దమ్ము జరిగింది ఎక్కువగా ఇలాగే. కాకపోతే వాటితో తారు రోడ్డు ఎక్కకూడదు. రోడ్డు చీరుకుపోతుంది, జరిమానా పడుతుంది.

ఇవన్నీ చేశాక కూడా జారుడు 20 దాటుతోందంటే, అప్పుడు లక్షన్నర గురించి మాట్లాడటం సబబు.

ఫోర్ వీల్ కొంటే, వాడే పద్ధతి

ఫోర్ వీల్‌లో ముందు చక్రాలు వెనకవాటి కంటే 1 నుంచి 5 శాతం ఎక్కువ వేగంగా నడిచేలా గేర్లు పెడతారు. మెత్తటి నేలలో ఆ కొంచెం తేడా జారుడులో కలిసిపోతుంది, స్టీరింగ్ బాగా పలుకుతుంది. తారు రోడ్డు మీద జారడానికి చోటు ఉండదు. ముందు, వెనక గేర్లు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. టైర్లు అరుగుతాయి, ముందు ఇరుసు గేర్లు దెబ్బతింటాయి. అందుకని రోడ్డెక్కగానే లివర్ తీసేయాలి.

ఇదే కారణానికి, ముందు టైర్లు మార్చేటప్పుడు కంపెనీ చెప్పిన సైజే వేయాలి. కొట్లో ఏది చవగ్గా ఉంటే అది వేస్తే ఆ నిష్పత్తి చెడుతుంది. సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ చూసేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. ఆ తర్వాత ముందు చక్రాల లోపలి వైపు ఆయిల్ కారుతోందా, లివర్ వేయగానే పడుతోందా, తీయగానే వస్తోందా.

దిగబడినప్పుడు

ఎపిసోడ్‌లో ఈ భాగం మీద ఎక్కువసేపు మాట్లాడాను. ఇక్కడ కూడా దయచేసి దాటేయకండి. వీలైతే బండి నడిపేవాళ్ళకి చదివి వినిపించండి.

వెనక చక్రాలు బురదలో బిగుసుకుపోయాయి. డ్రైవర్ మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ పెంచి, క్లచ్ ఒక్కసారి వదిలాడు. చక్రం తిరగదు. కానీ ఇంజన్ బలం ఎక్కడికో పోవాలి. చక్రం తిరగకపోతే, ఆ ఇరుసు చుట్టూ బండే తిరుగుతుంది. ముందు భాగం గాల్లోకి లేస్తుంది. లేచాక సుమారు ముప్పావు సెకను దాటితే ఇక వెనక్కి తీసుకురాలేం. ఒకటిన్నర సెకనులో బండి తిరగబడి డ్రైవర్ మీద పడుతుంది. క్లచ్ తొక్కాలన్న ఆలోచన కాలికి చేరేలోపే అంతా అయిపోతుంది.

ఫోర్ వీల్‌లో ముందు భాగం బరువెక్కువ, ముందు చక్రాలూ లాగుతాయి కాబట్టి ఈ ప్రమాదం కొంత తగ్గుతుంది. పోదు. పైగా ఫోర్ వీల్ ఉందన్న ధైర్యంతో డ్రైవర్ ఇంకా లోతైన మడిలోకి దించుతాడు. అక్కడ ఇరుక్కుంటే బయటికి తేవడం ఇంకా కష్టం.

కాబట్టి, దిగబడితే ముందుకి కాదు, రివర్స్‌లో రావడానికి చూడాలి. రివర్స్‌లో ముందు భాగం లేవదు. చక్రానికి దుంగ కట్టి ముందుకి తోలడం చాలా ఊళ్ళలో చూస్తాం. చక్రాన్ని బిగించి బండిని తిరగేయడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. ఇంకో బండితో లాగించాలంటే గొలుసు కిందనున్న డ్రాబార్‌కే వేయాలి. టాప్ లింక్ కొక్కేనికో, ఇరుసు పైనో వేస్తే లాగే బండే లేస్తుంది. చుట్టూ ఎవరినీ నిలబడనివ్వకూడదు. మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోబెట్టకూడదు.

ఇంకొకటి. అమెరికాలో 1980ల మధ్య నుంచి కొత్త ట్రాక్టర్లకి, తిరగబడితే డ్రైవర్‌ని కాపాడే ఉక్కు ఫ్రేము, సీటు బెల్టు మామూలుగా వస్తున్నాయి. మన దగ్గర చాలా బండ్లు అది లేకుండానే రోడ్డెక్కుతాయి. ఎండకి వేసుకునే టాపు ఈ ఫ్రేము కాదు, పడితే నలిగిపోతుంది. ఫ్రేము ఉంటేనే బెల్టు పెట్టుకోవాలి, లేని బండికి బెల్టు ఇంకా ప్రమాదం. లక్షన్నర ఎక్కువ పెట్టి ఫోర్ వీల్ కొనే స్థోమత ఉన్న ఇల్లు, అందులో చిన్న భాగంతో ఆ ఫ్రేము గురించి ముందు అడగాలని నా అభిప్రాయం.

ఇక్కడ ఎకరాలు కొన్నవాళ్ళకి

డల్లాస్ చుట్టుపక్కల ఐదో పదో ఎకరాలు కొని, కూరగాయలు, మామిడి మొక్కలు, మేకలు అంటున్న మనవాళ్ళు పెరిగారు. ఇక్కడి నల్ల మట్టి మన నల్లరేగడి చుట్టమే. శాస్త్రవేత్తలు రెండింటినీ ఒకే జాతిలో, వర్టిసాల్స్ కింద, లెక్కేస్తారు. ఎండకి నెర్రెలిస్తుంది, వానకి బంకలా పట్టుకుంటుంది. బూట్లకి అంటుకున్నప్పుడు ఊరు గుర్తొస్తుంది.

ఇక్కడ మీరు కొనేది 25, 35 హెచ్‌పీ చిన్న బండి, దానికి ముందు లోడర్ తప్పకుండా ఉంటుంది. లోడర్ నిండా మట్టి ఎత్తితే బరువంతా ముందు ఇరుసు మీద పడుతుంది, వెనక తేలిపోతుంది. ట్రాక్టర్లలో ఎక్కువవాటికి బ్రేకులుండేది వెనక చక్రాలకే. వాలులో, నిండు బకెట్‌తో, టూ వీల్‌లో దిగుతుంటే వెనక చక్రాలు నేల వదిలిన క్షణాన బండికి బ్రేకే లేదు. ఫోర్ వీల్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా ఇంజన్‌కి కట్టుబడి ఉంటాయి, బండి ఆగుతుంది. కాబట్టి ఇక్కడ లోడర్‌తో కొనేవాళ్ళకి నా సలహా ఒక్కటే: ఫోర్ వీల్, వెనక బరువు, బకెట్ నేలకి దగ్గరగా.

ఫోన్‌లో అడగాల్సినవి

ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు డబ్బు సంగతి కంటే ముందు ఇవి అడగండి. ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది? అందులో తరి ఎంత, చెలక ఎంత, ట్రాలీ ఎంత? సొంతానికా, కిరాయికా? ఇప్పుడున్న బండి ఎంత జారుతోంది? పోయిన ఏడు ఎన్నిసార్లు దిగబడింది, ఏ మడిలో? మళ్ళు ఎంత పెద్దవి? ఫోర్ వీల్‌కి మలుపుకి చోటు ఎక్కువ కావాలి. చిన్న మళ్ళలో అది రోజంతా చికాకు.

రెండు మోడళ్ళ మధ్య తేల్చుకోలేకపోతే, మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ పరీక్షా సంస్థ ఉంది. అక్కడి పరీక్ష నివేదికల్లో ఒక్కో బండి ఎంత లాగింది, ముందు వెనక బరువు ఎంత, ఎంత చోటులో తిరిగింది, డీజిలు ఎంత తాగింది అన్నీ ఉంటాయి. షోరూం కాగితం కంటే అది నమ్మదగ్గది. ఊళ్ళో తమ్ముడికి అది చదివే తీరిక ఉండకపోవచ్చు. మనం ఇక్కడ కూర్చుని చేయగలిగిన సాయం అదే. అలాగే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఇలాంటిదే దక్షిణ ప్రాంత సంస్థ ఉంది, అక్కడ యంత్రాలు నడపడంలో శిక్షణ కూడా ఇస్తారు. కొత్త డ్రైవర్‌ని బండి ఎక్కించే ముందు ఆలోచించండి.

ఇవన్నీ అడిగి, లెక్క వేసి, చివరి మాట మాత్రం ఆ సీటు మీద కూర్చునేవాళ్ళకే వదలండి. వాళ్ళ పొలం ఎక్కడ దిగుతుందో వాళ్ళ కాళ్ళకి తెలుసు. "నువ్వు టూ వీలే చాలు అంటే టూ వీలే, ఫోర్ వీల్ కావాలంటే ఎందుకో చెప్పు, పంపుతా" అని అనండి. ఆ "ఎందుకో" దగ్గర ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే, బండి ఏదైనా సరే, సరైనదే ఇంటికొస్తుంది.

మీ ఊళ్ళో ఏ బండి ఏ నేలలో ఎలా నడుస్తోందో రాయండి. ముఖ్యంగా టైరు మీద గీత పెట్టి కొలిచినవాళ్ళు మీ అంకెలు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటానండీ.